స్టాక్‌హోం నుంచి నార్విక్ రాత్రి రైలు: ఒక కేకే లైను డ్రైవరు చూసినది

స్కాండినేవియాలో రైలు ప్రయాణం అనగానే అందరూ నార్వేలోని బెర్గెన్ పేరో ఫ్లామ్ పేరో చెబుతారు. నన్నడిగితే మాత్రం ముందు స్టాక్‌హోంలో సాయంత్రం బయలుదేరి మర్నాడు మధ్యాహ్నం నార్వే ఉత్తరాన ఉన్న నార్విక్ రేవు చేరే రాత్రి రైలు ఎక్కమంటాను. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

నా ఇష్టానికి కారణం ఉంది. నేను వాల్తేరు డివిజన్‌లో గూడ్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం కొత్తవలస–కిరండూల్ (కేకే) లైన్లోనే గడిచింది. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దింపడానికి 1960లలో వేసిన లైను అది. 1980ల చివర్లో మా విశాఖ షెడ్డుకి స్వీడన్ నుంచి అసేయా కంపెనీ ఇంజన్లు ఆరు వచ్చాయి. వ్యాగ్-6ఎ అనేవాళ్లం. అప్పటికి నేను అసిస్టెంటుని. పాత ఇంజన్లలో నాచ్ (కరెంటు పెంచే మెట్టు) మార్చినప్పుడల్లా బండి ఒక్క కుదుపు కుదిపేది. వీటిలో మెట్లు లేకుండా కరెంటుని కొద్దికొద్దిగా పెంచే థైరిస్టర్ కంట్రోలు కాబట్టి లాగుడు సాఫీగా పెరిగేది. ఈ కంపెనీ ఇంజన్లే వాళ్ల దేశంలో మంచుకొండల మీంచి ఇలాగే ఖనిజాన్ని సముద్రానికి దింపుతాయని ట్రైనింగులో మా ఇన్‌స్ట్రక్టరు చెప్పాడు. ఆ లైను ఒక్కసారి చూడాలని ఆ రోజే అనుకున్నాను. మా అమ్మాయికి స్టాక్‌హోం పక్కన కిస్టాలో ఉద్యోగం రావడంతో ఇన్నేళ్లకి కుదిరింది. జూన్‌లో నేనూ మా ఆవిడా వెళ్లాం.

రైలు సంగతికొస్తే, ఇందులో మూడు రకాలున్నాయి: కూర్చునే సీట్లు, ఆరు బెర్తుల కూపేలు, సొంతంగా తలుపు వేసుకునే స్లీపర్ గదులు. ఆరు బెర్తులది మన త్రీ టైరుకి దగ్గర, కాకపోతే దానికీ తలుపుంటుంది, ఎదురుగా సైడ్ బెర్తులుండవు. మేం ఇద్దరికీ స్లీపర్ గది తీసుకున్నాం. మా ఆవిడకి మోకాళ్ల నొప్పి కాబట్టి కింది బెర్తు తనది, నిచ్చెన నాది. దుప్పటి, దిండు శుభ్రంగా ఉన్నాయి. గదిలోనే చిన్న వాష్ బేసిన్ ఉంది. సూట్‌కేసులు పెట్టుకోవడానికి మాత్రం చోటు చాలా తక్కువ. పెద్ద పెట్టెలు మా అమ్మాయి ఇంట్లోనే వదిలి, చేతి సంచులతో ఎక్కడం మంచిదైంది.

జూన్‌లో వెళ్లేవాళ్లు కళ్లకి కట్టుకునే గుడ్డ తప్పకుండా పెట్టుకోండి. కిటికీకి తెర ఉంటుంది గానీ, ఉత్తరానికి పోయేకొద్దీ చీకటి అన్నదే పడదు. మధ్యరాత్రి లేచి చూస్తే బయట పైన్ చెట్ల అడవి, మధ్య మధ్య చెరువులు, అంతా మన సాయంత్రం ఆరు గంటల వెలుతురులో కనిపించింది. తెల్లవారాక పోల్‌సిర్కెల్న్ అనే చిన్న ఊరి దగ్గర ఆర్కిటిక్ వలయం దాటాం. కిటికీ దగ్గర కాచుకుని కూర్చోవాలి, రెప్పపాటులో వెళ్లిపోతుంది.

అసలు ప్రయాణం కిరునాలో మొదలవుతుంది. ఆ ఊరి కింద ఎల్‌కేఏబీ కంపెనీ భూగర్భ ఇనుప గని ఉంది. తవ్వకం ఊరి కిందకి రావడంతో ఊరినే పక్కకి జరుపుతున్నారు. పాత రైల్వే స్టేషన్ 2013లోనే మూసేశారు. 2025 ఆగస్టులో చెక్క చర్చిని ఉన్నదున్నట్టు ట్రెయిలర్ల మీదకెక్కించి సుమారు 5 కిలోమీటర్ల దూరం తరలించారు. కిరునా నుంచి నార్విక్ దాకా లైను 1902లో పూర్తయింది. కిరునా నుంచి సరిహద్దు దాకా 1915కే కరెంటు లైను వేశారు, దానికోసమే పోర్యుస్ దగ్గర జలవిద్యుత్ కేంద్రం కట్టారు. మా కేకే లైనుకి పూర్తిగా కరెంటు వచ్చింది 1980లలో. ఆ తేడా తలుచుకుంటే వాళ్ల ముందుచూపుకి దండం పెట్టాలనిపించింది.

ఇది సింగిల్ లైను. అంటే ఒక బండి పక్క లైనులో (లూప్‌లో) ఆగి ఇంకో బండికి దారి ఇవ్వాలి. టోర్నెట్రెస్క్ సరస్సు పక్కన ఒక లూప్‌లో మా బండి ఆగింది. వెనకనుంచి నార్విక్ వైపు లోడు బండి వస్తోందని నాకు తెలిసిపోయింది. లేచి కారిడార్ కిటికీ దగ్గర నిలబడ్డాను. ముందు రెండు ఇంజన్లు జోడుగా వచ్చాయి, ఐయోర్ రకం, రెండూ కలిపి 10,800 కిలోవాట్లు. వెనక వ్యాగన్లు లెక్కపెట్టాను, అరవై ఎనిమిది. మొత్తం బరువు 8,600 టన్నులు, ఒక్కో యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద 30 టన్నుల లోడు. మా 58 వ్యాగన్ల గూడ్సు బండికి ఇది దాదాపు రెట్టింపు. మేం మూడు ఇంజన్లు కట్టి లాగిన రోజులు గుర్తొచ్చాయి.

అంతకన్నా నన్ను కట్టిపడేసింది ఆ వ్యాగన్లలోని సరుకు. కేకే లైన్లో ఖనిజం ఎర్రటి పొడి. స్టేషన్లు, చెట్ల ఆకులు, మా యూనిఫాం, గార్డు జెండా కర్ర, అన్నీ ఎర్రగా ఉండేవి. నా చొక్కా కాలరు ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడలేదని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. ఇక్కడ ఖనిజాన్ని కిరునాలోనే శుద్ధి చేసి, పిల్లలాడుకునే గోళీలంత ముద్దలుగా చేసి పంపుతున్నారు. నల్లగా, బూడిద రంగులో ఉన్నాయి. బండి వెళ్లిపోయాక పట్టాల పక్కన కంకర చూశాను. ఎర్రధూళి లేదు. పట్టాల పక్కనే గడ్డి పచ్చగా ఉంది. మా అరకు లోయలో పట్టాల పక్కన గడ్డి కూడా ఇలా పచ్చగా ఉండాలని నాకు గట్టిగా అనిపించింది.

సీట్ల విషయంలో ఒక్క మాట. నార్విక్ వైపు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ చూసుకోండి. టోర్నెట్రెస్క్ సరస్సు చాలాసేపు మీతోపాటే వస్తుంది. మేం వెళ్లినప్పుడు మధ్యలో ఇంకా మంచుగడ్డ తేలుతూనే ఉంది. అబిస్కో దగ్గర మాత్రం ఒకసారి ఎడమవైపుకి రండి. లాపోర్టెన్ అనే కొండ కనుమ కనిపిస్తుంది, రెండు కొండల మధ్య సగం గుండ్రంగా కోసి తీసేసినట్టు ఉంటుంది. చాలామంది ట్రెక్కింగ్ కుర్రాళ్లు అక్కడే దిగిపోయారు.

రిక్స్‌గ్రెన్సెన్ దాటితే నార్వే. అక్కణ్ణుంచి నార్విక్ సుమారు 43 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే ఐదువందల మీటర్ల పైచిలుకు ఎత్తునుంచి సముద్రానికి దిగాలి. లైను కొండ అంచుని పట్టుకుని సొరంగాల్లోంచి, మంచు పడకుండా కట్టిన చెక్క, కాంక్రీటు కప్పుల కిందనుంచి పోతుంది. కుడివైపు ఎంతో లోతులో రోంబాక్ ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీళ్లు కనిపిస్తాయి. పక్కనున్న వాళ్లు ఫోటోలు తీస్తుంటే నేను బ్రేకుల చప్పుడు వింటూ కూర్చున్నాను. దిగే లోడు బండి ఇంజన్లు బ్రేకు వేస్తూనే కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటుతో ఖాళీ బండ్లు మళ్లీ సరిహద్దు దాకా ఎక్కిపోగలవు. బొర్రా నుంచి కొండ దిగుతూ చేతిలో బ్రేకు హ్యాండిల్ పట్టుకుని చెమటలు కక్కిన ఎవరికైనా ఈ సంగతి ఎంత గొప్పదో తెలుస్తుంది.

నార్విక్ రేవు చలికాలంలో కూడా గడ్డకట్టదు. ఈ లైను ఉందే అందుకు. 1940లో జర్మన్లూ బ్రిటిష్‌వాళ్లూ ఈ ఊరి దగ్గర యుద్ధం చేసింది కూడా ఈ ఖనిజం కోసమే. ఊరు చిన్నది, ఒక పూట చాలు. కానీ పోర్టు వైపు నడిచి వెళ్లి, గుట్ట మీంచి ఓడలు చూసి రండి.

తిండి గురించి తెలుగువాళ్లు తప్పకుండా అడుగుతారు. రైల్లో చిన్న కెఫే ఉంటుంది, వేడి నీళ్లు అడిగితే ఇచ్చారు. శాకాహారం దొరుకుతుంది గానీ కారం ఉండదు. మా ఆవిడ కందిపొడి, చింతకాయ పచ్చడి తెచ్చింది. అక్కడి దుకాణాల్లో ఫిల్‌మ్యోల్క్ అని పుల్లటి పాలు డబ్బాల్లో అమ్ముతారు. మన పలచటి పెరుగే అనుకోండి. అన్నంలో కలిపి, కాస్త ఉప్పేసి తింటే కడుపు చల్లగా ఉంది. అది తెలిశాక ఇక భోజనం బెంగ లేదు.

నార్విక్ నుంచి నార్వే లోపలికి పట్టాలు లేవు. బోడో దాకా బస్సులో, మధ్యలో ఒక పడవ మీద వెళ్లాలి. బోడో నుంచి ట్రోండ్‌హైమ్ లైను 729 కిలోమీటర్లు, 1962లో పూర్తయింది. ఎక్కువ దూరం ఇంకా డీజిలే. పగలంతా పడుతుంది. సాల్ట్‌ఫ్యెల్ బోడి కొండల మీద మళ్లీ ఆర్కిటిక్ వలయం దాటతాం. ఓపికుంటేనే ఎక్కండి. మా ఆవిడ సగం దారి నిద్రపోయింది.

బెర్గెన్ లైను నిజంగానే గొప్పది. 1909లో తెరిచారు. ఫిన్సే స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తున ఉంది, ఊరికి కారు రోడ్డే లేదు. జూన్‌లో కూడా ప్లాట్‌ఫాం పక్కన మంచు కుప్పలున్నాయి. మ్యుర్‌దాల్‌లో దిగి ఫ్లామ్ బండి ఎక్కాం. 20 కిలోమీటర్లలో 866 మీటర్ల దిగుడు, 18కి 1 గ్రేడియంటు, 20 సొరంగాలు, వాటిలో 18 చేత్తో తవ్వినవి. ఇంజనీరింగ్‌కి నూటికి నూరు మార్కులు. కానీ పూర్తిగా టూరిస్టు బండి. జలపాతం దగ్గర ఆపినప్పుడు తోసుకుంటూ దిగాల్సి వచ్చింది. దూరానికి ధర కూడా ఎక్కువే.

మొత్తం ప్రయాణంలో ఒకచోట పట్టాల పనుల వల్ల రైలు బదులు బస్సు ఇచ్చారు. ఆ సంగతి టికెట్ కొన్నప్పుడు ఎక్కడా చెప్పలేదు, ముందురోజు రాత్రి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎండాకాలమే వాళ్లకి లైన్ల మరమ్మతు కాలం. అందుకే ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ముందురోజు ఇంకోసారి టైములు చూసుకోండి.

ఇండియాలో నివాసం ఉండి వెళ్లేవాళ్లకి యూరైల్ పాస్ దొరుకుతుంది, ఇంటర్‌రైల్ పాస్ యూరప్‌లో నివాసం ఉన్నవాళ్లకి. పాస్ ఉన్నా బెర్తుకి విడిగా డబ్బు కట్టి రిజర్వేషన్ చేయించుకోవాలి. స్లీపర్ గదులు కొన్నే ఉంటాయి, జూన్, జులైలలో ముందుగా అయిపోతాయి. వీసా చేతికి రాగానే మొదట ఆ నార్విక్ బెర్తు బుక్ చేసుకుని, మిగతా ప్లాను దాని చుట్టూ వేసుకోండి.