స్పాన్సర్‌షిప్ ఫైలుకు తిరుపతి కన్సల్టెన్సీ: ఐదుకు రెండు మార్కులు

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులోని ఒక వీసా కన్సల్టెన్సీలో 2025 ఏప్రిల్ నుంచి జూలై వరకు నేను పొందిన సేవ మీద ఈ సమీక్ష రాస్తున్నాను. కెనడాలో శాశ్వత నివాసిగా ఉన్న నా సహచరి నన్ను అక్కడికి రప్పించుకోవడానికి వేయవలసిన స్పాన్సర్‌షిప్ దరఖాస్తును తయారు చేయించడం నేను వారికి అప్పగించిన పని. మేమిద్దరం స్త్రీలం. 2019 జూన్‌లో బైరాగిపట్టెడలో ఇల్లు అద్దెకు తీసుకుని కాపురం మొదలుపెట్టాం. 2024 మార్చిలో తనకు పీఆర్, అంటే అక్కడి శాశ్వత నివాస హోదా, వచ్చి కెనడా వెళ్లిపోయింది. మా అమ్మ వైద్యం సగంలో ఉన్నందువల్ల నేను వెంట వెళ్లలేకపోయాను. సంస్థ పేరు రాయడం లేదు. రాస్తే చదివినవారు ఆ ఒక్క బోర్డును తప్పించుకుని పక్క బోర్డు కిందికి వెళతారు, అక్కడా ఇదే జరగవచ్చు.

ఆఫీసు శుభ్రంగా ఉంది, ఏసీ ఉంది, ఎవరూ ఎక్కువసేపు కూర్చోబెట్టరు. గోడ నిండా వీసా వచ్చిన విద్యార్థుల ఫొటోలు ఉన్నాయి. ప్రతి ఫొటోలోనూ ఒక చేతిలో పాస్‌పోర్టు, మరో చేతిలో స్వీట్ల పెట్టె. మా పని పూర్తయినా మా ఫొటో ఆ గోడ ఎక్కదని కూర్చున్న ఐదు నిమిషాలకే తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే దానికి నేనేమీ బాధపడలేదు.

మేనేజరు మర్యాదస్తుడు. విషయం విన్నాక ముఖం చిట్లించలేదు, వెకిలిగా నవ్వలేదు, అందుకు కృతజ్ఞతలు చెప్పాలి. అయితే ఆయన అడిగిన మొదటి కాగితమే పని ఎలా సాగబోతోందో చెప్పింది. ‘‘ముందు మ్యారేజ్ సర్టిఫికెట్ తెండి మేడం, మిగతాది మేం చూసుకుంటాం’’ అన్నారు. మన దేశంలో మాకు అది దొరకదు. 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మాలాంటివారి బంధం నేరం కాకుండా పోయింది గానీ, 2023 అక్టోబర్ 17న సుప్రియో కేసులో పెళ్లి హక్కును గుర్తించడానికి అదే కోర్టు నిరాకరించింది. కాబట్టి ఏ రిజిస్ట్రారూ మాకు ఆ కాగితం రాసివ్వడు. ఆ మాట చెప్పినప్పుడు మేనేజరు గారు ఫైలు మూయబోయారు.

మూయవలసిన అవసరం లేదని వారికి చెప్పవలసింది కస్టమరునైన నేను కాదు. కెనడాలో 2005 జూలై 20 నుంచి దేశమంతటా స్వలింగ వివాహం చట్టబద్ధమే అయినా, అక్కడి వలస చట్టం సహచరులను గుర్తించడానికి పెళ్లి ఒక్కటే దారి అనుకోదు. పెళ్లయినవారికి స్పౌజ్ వర్గం ఉంది. పెళ్లి లేకపోయినా కనీసం ఏడాదిపాటు ఎడతెగకుండా దంపతుల్లా కలిసి బతికినవారికి కామన్‌లా పార్ట్‌నర్ వర్గం ఉంది. చట్టం అడ్డు వచ్చో, వీసా చిక్కుల వల్లో పెళ్లికీ కలిసి ఉండటానికీ నోచుకోక, కనీసం ఏడాదిగా బంధాన్ని నిలుపుకున్నవారికి కాంజుగల్ పార్ట్‌నర్ వర్గం ఉంది. ఈ మూడింటిలో ఏదీ ఇద్దరూ ఆడవాళ్లేనా, ఇద్దరూ మగవాళ్లేనా అని చూసి తలుపు వేయదు. ఐదేళ్లకు దగ్గరగా ఒకే ఇంట్లో ఉన్న మాకు రెండో వర్గం సరిపోతుందని వారికి తట్టలేదు. వారి దగ్గర ఉన్న అనుభవమంతా విద్యార్థి వీసాలది, మొగుడు పిలిపించుకునే భార్యలది.

రెండోసారి వెళ్లినప్పుడు మేనేజరు గారు ఒక ఉపాయం చెప్పారు. అమెరికాలో ఒకచోట వీడియో కాల్‌లోనే పెళ్లి జరిపించి సర్టిఫికెట్ ఇస్తారట, ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడే ఉండవచ్చట, దానికి విడిగా 40,000 రూపాయలట. పెళ్లి సమయంలో ఇద్దరూ లేదా ఇద్దరిలో ఒకరు స్వయంగా హాజరు కాని వివాహాలను, అంటే ఫోన్లోనో ఇంటర్నెట్లోనో ప్రతినిధి ద్వారానో జరిగిన వాటిని, కెనడా వలస శాఖ 2015 జూన్ 11 నుంచి స్పాన్సర్‌షిప్‌కు అంగీకరించడం లేదు. ఆ నిబంధన ఆ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనిపించేచోటే ఉంది. నా సహచరి ఆ రాత్రే చదివి వినిపించకపోతే ఆ డబ్బు నేను కట్టి ఉండేదాన్ని. పెళ్లి అనే మాట విన్నప్పుడు మనిషి కాస్త తెలివి తప్పుతుంది.

అంతకంటే పెద్ద తప్పు మరొకటి దొర్లింది. పీఆర్‌కు దరఖాస్తు చేసినప్పుడే నా సహచరి తనకు కామన్‌లా పార్ట్‌నర్ ఉన్నట్టు, ప్రస్తుతం వెంట రానట్టు నా పేరు రాసింది. ఆ లెక్కన అప్పుడే నాకు వైద్య పరీక్ష కూడా జరిగింది. ఆ కాగితాలు చూసి మేనేజరు గారు ‘‘అలా ఎందుకు రాశారు మేడం, సింగిల్ అని రాసి ఉంటే పని సులువయ్యేది కదా’’ అన్నారు. ఈ సమీక్ష చదివేవారిలో మాలాంటివారు ఉంటే ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగాలి. పీఆర్ తీసుకునే సమయంలో చెప్పకుండా, పరీక్షకు పెట్టకుండా వదిలేసిన కుటుంబ సభ్యులను తర్వాత ఫ్యామిలీ క్లాసులో, అంటే కుటుంబ సభ్యులను రప్పించుకునే వర్గంలో, స్పాన్సర్ చేయడానికి ఆ దేశ నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు. 2019లో తెచ్చిన ఒక తాత్కాలిక విధానం వల్ల కొందరికి సడలింపు దొరికింది గానీ, సడలింపును నమ్ముకుని అబద్ధం రాయడం తెగిన తాడు పట్టుకుని బావిలోకి దిగడమే. ఇంట్లో తెలియకూడదని, ఊళ్లో తెలియకూడదని మనం అలవాటుగా రాసే ‘సింగిల్’ అనే మాట రేపు మన మనిషికే తలుపు మూస్తుంది. నా సహచరి ఆ గడిలో నిజం రాయడానికి మూడు రోజులు ఆలోచించింది. ఆ మూడు రోజుల విలువ మేనేజరు గారికి తెలియకపోవడం నన్ను నొప్పించింది.

డబ్బు విషయంలోనూ అంతే. నా ఖాతాలో 20 లక్షల రూపాయలు చూపించాలని, లేకపోతే తెలిసిన ఫైనాన్సరు ద్వారా నెల రోజులు వేయిస్తామని చెప్పారు. స్పాన్సరు భార్యనో భర్తనో సహచరినో పిలిపించుకునేటప్పుడు సాధారణంగా కనీస ఆదాయ పరిమితి అంటూ ఉండదు. వచ్చినవారి కనీస అవసరాలను మూడేళ్లపాటు తానే చూసుకుంటానని స్పాన్సరు సంతకం చేస్తే చాలు. విద్యార్థులకు చూపించే బ్యాలెన్స్ వ్యవహారాన్నే అలవాటు కొద్దీ మాకూ అంటగట్టారు. ఫీజు కూడా మొత్తం కలిపి లక్షా 60 వేలు అన్నారే గానీ విడదీసి చెప్పలేదు. 2024 ఏప్రిల్ 30న వచ్చి అప్పట్లో అమల్లో ఉన్న రేట్ల ప్రకారం అక్కడి ప్రభుత్వానికి కట్టవలసి ఉండింది 1,205 కెనడా డాలర్లు, వేలిముద్రలకు మరో 85 డాలర్లు. అంటే అప్పటి మన డబ్బులో 80,000 రూపాయలకు అటూ ఇటూ. మిగతాది ఎవరి చేతికి వెళుతుందో తెలుసుకునే హక్కు కడుతున్నవారికి ఉంటుంది.

అసలు కష్టం రుజువుల దగ్గర వచ్చింది. ఈ ఊళ్లో ఐదేళ్లు మేము నిశ్చింతగా బతకడానికి కారణం మేము ఎవరికీ కనిపించకపోవడమే. ఇద్దరు ఆడవాళ్లు ఒక ఇంట్లో ఉంటే ఉద్యోగాలు చేసుకునే స్నేహితురాళ్లు అంటారు, అక్కాచెల్లెళ్లా అని అడిగితే మేమూ నవ్వి ఊరుకునేవాళ్లం. ఇప్పుడు ఆ కనిపించనితనాన్నే కాగితం మీద విప్పి చూపించవలసి వచ్చింది. అద్దె ఒప్పందం తన ఒక్కదాని పేరు మీద ఉంది, కరెంటు బిల్లు ఇంటి ఓనరమ్మ పేరు మీద వస్తుంది, గ్యాస్ కనెక్షన్ నాది. ఉమ్మడి ఖాతా మాత్రం ఉంది. స్వలింగ సహచరులు ఉమ్మడి ఖాతా తెరవడానికీ ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసిన తర్వాత, తను సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లి తెరిచాం. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి తిరిగిన జీవితంలో ఫొటోలు కూడా తక్కువే. అలిపిరి మెట్ల దారిలో గాలిగోపురం దగ్గర ఒకటి, తలకోనలో రెండు, హార్స్‌లీ హిల్స్‌లో చలికి ముడుచుకుని దిగినది ఒకటి.

వీటిని చూసి మేనేజరు గారు ఇచ్చిన సలహా ఏమిటంటే, ఒక చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడి, పూలదండలు మార్చుకున్నట్టు ఫొటోలు తీయిద్దామని. తప్పుడు వివరాలు ఇచ్చినట్టు తేలితే ఐదేళ్లపాటు ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరన్న సంగతి అప్పటికే నాకు తెలుసు. తెలియకపోయినా ఒప్పుకునేదాన్ని కాదేమో. మా కాపురంలో దండలు లేవు. లేని దండలు చూపించి, ఉన్న ఐదేళ్లను అనుమానానికి అప్పగించడం ఎందుకు? ఆ దరఖాస్తులో మీ బంధం ఎవరెవరికి తెలుసు, ఏదైనా వేడుక జరిగిందా, ఎవరు వచ్చారు అని అడుగుతారు. జరగలేదు, ఎవరూ రాలేదు, మా ఇళ్లలో చెప్పలేకపోయాం, కారణాలు ఇవీ అని రాయడానికి అందులో చోటు ఉంది. ఆ చోటును వాడుకోవడం తెలియని సలహాదారు మాలాంటివారికి ఎన్ని ఫారాలు నింపి ఇచ్చినా ఉపయోగం లేదు.

జూన్‌లో నేను వేరే దారి చూసుకున్నాను. కెనడా వలస వ్యవహారాల్లో డబ్బు తీసుకుని సలహా ఇవ్వాలంటే అక్కడ అనుమతి ఉన్న న్యాయవాది వంటి న్యాయ వృత్తిదారు అయినా అయి ఉండాలి, లేదా ఆ దేశపు వలస, పౌరసత్వ కన్సల్టెంట్ల కాలేజీ అనే నియంత్రణ సంస్థలో లైసెన్సు పొంది అయినా ఉండాలి. లైసెన్సు ఉన్నవారి జాబితా బహిరంగంగా ఉంటుంది, పేరు కొట్టి చూసుకోవచ్చు. తిరుపతి కన్సల్టెన్సీలో అలాంటివారు ఎవరూ లేరు. ప్రతినిధిని నియమించుకునే ఫారం ఎందుకు నింపలేదని అడిగితే ‘‘మీరే వేసుకున్నట్టు ఉంటే మంచిది మేడం’’ అని దాటవేశారు. జాబితాలో వెతికి పట్టుకున్న ఒక లైసెన్సుదారుతో వీడియోలో రెండు గంటలు మాట్లాడాను. నా ఆధార్ నంబరు కంటే ముందు ఆవిడ అడిగింది, మేమిద్దరం రోజు ఎలా గడిపేవాళ్లమని. కామన్‌లా వర్గంలోనే వేద్దామని, 2024 తర్వాత విడిగా ఉండటం తాత్కాలికమేనని అమ్మ ఆసుపత్రి కాగితాలతో, తను సెలవు మీద వచ్చిన టికెట్లతో, మళ్లీ కలిసి ఉండటానికి అక్కడ చూసుకున్న ఇంటి వివరాలతో చూపిద్దామని చెప్పారు. టూరిస్టు వీసా మీద అక్కడికి వెళ్లి పెళ్లి చేసుకునే దారి కూడా ఉందని, అది మా ఇష్టమని అన్నారు. సలహాకు రసీదు వచ్చింది.

తిరుపతి కేంద్రానికి మొదటి మార్కు ఎందుకు ఇచ్చానో కూడా చెప్పాలి. కాగితాల బల్ల దగ్గర పనిచేసే కుర్రవాడు మా అద్దె ఒప్పందాల్లో ఒక తేడా పట్టుకున్నాడు. 2019 నాటి దానిలో చిరునామా చిత్తూరు జిల్లా అని ఉంది, 2023 నాటి దానిలో తిరుపతి జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయని మనకు తెలుసు గానీ, ఎక్కడో కూర్చుని ఫైలు చూసే అధికారికి మేము ఇల్లు మారినట్టే కనిపిస్తుంది. జిల్లాల ఏర్పాటు ఉత్తర్వు నకలు, ఒక పేజీ వివరణ జత చేయాలని తనే చెప్పి, తనే టైపు చేసి ఇచ్చాడు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పోలీసు క్లియరెన్సు పని కూడా ఒక్క పూటలో అయ్యేలా చూశాడు. వేలిముద్రలకు చెన్నై వెళ్లాలని ముందే చెప్పింది కూడా అతనే. ఆ బల్లకు మార్కులు ఇవ్వాలంటే నేను నిండుగా ఇస్తాను.

అయితే ఆఫీసు గోప్యత పాటించలేదు. ఒక మధ్యాహ్నం నేను ఫోన్ ఎత్తలేదని ఫారంలో ఉన్న రెండో నంబరుకు, అంటే మా అమ్మకు, ఫోన్ చేసి ‘‘మీ అమ్మాయి పార్ట్‌నర్ ఫైలు గురించి’’ అని మొదలుపెట్టారు. అమ్మ ఏదో వ్యాపారం అనుకుంది. ఆ పూట అలా గడిచింది, మరొకరి ఇంట్లో అలా గడవకపోవచ్చు. కట్టిన 25,000 అడ్వాన్సులో నాలుగుసార్లు తిరిగాక 8,000 వెనక్కి ఇచ్చారు.

రెండో మార్కు అక్కడికి వారానికి రెండు రోజులు వచ్చే అనువాదకుడిది. దరఖాస్తుదారులు గానీ వారి కుటుంబ సభ్యులు గానీ చేసిన అనువాదం చెల్లదు కాబట్టి, ఓనరమ్మ తెలుగులో రాసిచ్చిన ఉత్తరం ఆయన చేతికి వెళ్లింది. అందులో ఆవిడ ‘‘ఈ ఆడబిడ్డలిద్దరూ ఐదేండ్లుగా నా ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకుని తింటా ఉండారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు తెల్లార్లూ మేలుకుని ఉంటారు’’ అని రాసింది. మేము ఏమిటో ఆవిడకు తెలుసా అని నేను ఎన్నడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అనువాదకుడు సాయంత్రం ఫోన్ చేసి, ‘‘అమ్మా, ఇక్కడ ఆడబిడ్డలంటే వదినా ఆడబిడ్డల వరసా, ఆడపిల్లలనా? ఇంగ్లీషులో ఒకటి రాస్తే మీరు ఒకరికొకరు చుట్టాలైపోతారు’’ అన్నారు. ఆడపిల్లలని చెప్పాను. ఒకే పొయ్యి అన్న మాటను ఉన్నది ఉన్నట్టు ఉంచి, కింద చిన్న వివరణగా ‘ఒకే కుటుంబంగా’ అని రాశారాయన. అఫిడవిట్‌తో కలిపి పేజీకి 350 రూపాయలు తీసుకున్నారు. ఆగస్టులో ఫైలు వేశాం. అందులో ఆ ఉత్తరం మూడో కాగితం.