పాత మిల్లింగ్ మెషీన్‌లో పెద్ద స్టెప్పర్: డ్రైవ్ మారిస్తే చాలా, మోటార్ కూడా మార్చాలా?

బెంగళూరు పీణ్యా పారిశ్రామిక వాడలో పాత సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్ తక్కువ ధరకు దొరికిందని కొన్న మనవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, కంట్రోలర్ పోయింది. మోటార్లు ఉంచి డ్రైవులు (మోటార్‌కు కరెంటు పంపే పెట్టెలు) మారిస్తే సరిపోతుందా, అన్నీ పీకేయాలా?" మోటార్ సైజు చూసి దీనికి జవాబు చెప్పలేం. తేల్చేది వైండింగ్ ఇండక్టెన్స్, అంటే కాయిల్‌లో కరెంటు వేగంగా మారకుండా అడ్డుకునే గుణం. దాన్ని కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ పెట్టకుండా ఏదీ కొనకండి.

ముందు అది స్టెప్పరేనా, అంటే పల్సుకు ఒక్కో అడుగు చొప్పున తిరిగే మోటారేనా అని చూసుకోవాలి. రెండే లావు వైర్లు, పక్కన బ్రష్ మూతలు ఉంటే అది డీసీ సర్వో; ఈ లెక్క దానికి వర్తించదు. బోల్టు రంధ్రాల మధ్య 69.6 మి.మీ. ఉంటే నెమా 34, 88.9 ఉంటే నెమా 42 (మోటార్ ముఖం సైజుకు ప్రామాణిక పేర్లు). బ్రిడ్జ్‌పోర్ట్ బాస్ మెషీన్ల స్లో-సిన్ మోటార్ల లాంటివాటి ప్లేటు మీద రెండు మూడు వోల్టులే రాసి ఉంటుంది. అది సప్లై వోల్టేజ్ కాదు. దాన్ని ప్లేటు మీది ఆంపియర్లతో భాగిస్తే కాయిల్ రెసిస్టెన్స్ వస్తుంది, అంతే.

ఆరు వైర్లుంటే మూడేసి చొప్పున రెండు గుంపులు. చివర నుంచి చివరకు వచ్చే ఇండక్టెన్స్, మధ్య వైరు నుంచి చివరకు వచ్చేదానికి నాలుగింతలుంటుంది. ఒక ఓమ్ లోపు కాయిల్స్‌లో మల్టీమీటర్ ప్రోబుల రెసిస్టెన్సే మోసం చేస్తుంది కాబట్టి ఇండక్టెన్స్‌తో వెతకడమే నయం. ఎనిమిది వైర్లయితే రెండేసి కాయిల్స్ సిరీస్‌లో కలిపి చూడండి: నాలుగింతలైతే ఒకే ఫేజ్, దిశ సరైంది, సున్నాకి దగ్గరైతే ఒకే ఫేజే కానీ తిరగబడింది, సుమారు రెండింతలైతే వేర్వేరు ఫేజులు. రోటర్ మాత్రం బయటికి లాగొద్దు, అయస్కాంతం బలం తగ్గిపోతుంది.

ఇప్పుడు లెక్క. డ్రైవులు తయారుచేసే గెకోడ్రైవ్ వాళ్ల సూత్రం ప్రకారం తగిన సప్లై వోల్టేజ్ అంటే మిల్లీహెన్రీల వర్గమూలాన్ని 32తో గుణించడం. 4 మిల్లీహెన్రీలకు 64 వోల్టులు. 16 అయితే 128. 80 వోల్టుల డ్రైవ్‌తో ఆ మోటార్ మెల్లగా బాగానే లాగుతుంది, రాపిడ్‌లో (కోయకుండా వేగంగా జరిగేటప్పుడు) స్టెప్పులు వదిలేస్తుంది. అందుకే ఆరు వైర్ల మోటార్‌ను సగం కాయిల్‌తో (మధ్య వైరు, ఒక చివర) నడపడం మేలు. హోల్డింగ్ టార్క్ (ఆగి ఉన్నప్పుడు పట్టి ఉంచే బలం) 70 శాతానికి తగ్గినా వేగం దక్కుతుంది. వాడని చివరలకు విడివిడిగా స్లీవ్ వేయండి, వాటి మీద సప్లైకి రెట్టింపు వోల్టేజ్ వస్తుంది. ఎనిమిది వైర్లయితే ప్యారలల్, కానీ ప్లేటు మీది కరెంటుకు 1.4 రెట్లు కావాలి. 5 ఆంపియర్ల మోటార్‌కు 7 ఆంపియర్ల డ్రైవ్ చాలు. 8 ఆంపియర్లదైతే చాలదు.

సప్లైకి ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) కన్నా చుట్టించిన టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ నయం, ఎందుకంటే బరువైన టేబుల్ ఆగేటప్పుడు వెనక్కొచ్చే కరెంటుకు ఎస్‌ఎంపీఎస్ ట్రిప్ అవుతుంది. 50 వోల్టుల సెకండరీ అడగండి. రెక్టిఫై చేశాక (డీసీగా మార్చాక) సుమారు 70 వోల్టులు. 55 అడిగితే సుమారు 78 వస్తుంది, మెయిన్స్ పది శాతం పెరిగిన రాత్రి 85 దాటి 80 వోల్టుల డ్రైవ్ కాలిపోతుంది. మూడు మోటార్లకు 14 ఆంపియర్లనుకుంటే కెపాసిటర్ 16,000 మైక్రోఫారడ్లు.

కాబట్టి సగం కాయిల్‌లోగానీ ప్యారలల్‌లోగానీ 5 మిల్లీహెన్రీల లోపు ఉండి, వైండింగ్‌కూ బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) మంచి రీడింగ్ ఇస్తే పాత మోటార్ ఉంచుకోండి. నా మొగ్గు అటే: పుల్లీ, బెల్టు, ఫ్లాంజ్ దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. మెగ్గర్ పెట్టేముందు డ్రైవ్ వైర్లు తీసేయాలి.

ఇండక్టెన్స్ అంతకు మించితే నెమా 34 క్లోజ్డ్ లూప్ సెట్ (తన స్థానాన్ని తానే చూసుకునే మోటార్, డ్రైవ్ జత) తీసుకోండి. వెనకబడితే అలారం ఇస్తుంది. ఆ అలారం వైరును కంట్రోలర్‌కు కలపకపోతే ఒక యాక్సిస్ ఆగినా మిగతావి కోస్తూనే ఉంటాయి. దీనికి అడాప్టర్ ప్లేటు, కొత్త బోర్ పుల్లీ చేయించాలి. నేరుగా 220 వోల్టులు తీసుకునే డ్రైవులూ ఉన్నాయి, కానీ లోపల 310 వోల్టుల డీసీ నడుస్తుంది, ముప్పై నలభై ఏళ్ల ఇన్సులేషన్‌కు అది పెట్టొద్దు. 750 వాట్ల ఏసీ సర్వో బాగుంటుంది, 2.4 న్యూటన్ మీటర్లే కాబట్టి బెల్టు రిడక్షన్ తప్పదు, ఖర్చూ ఎక్కువే.

ఏది ఎంచుకున్నా మొదట ఎక్స్ యాక్సిస్ ఒక్కటే బిగించి, డయల్ గేజ్ పెట్టి, టేబుల్‌ను వందసార్లు అటూ ఇటూ రాపిడ్‌లో నడిపించండి. డయల్ సున్నాకి తిరిగి రాకపోతే ముందు యాక్సిలరేషన్ సగం చేసి చూడండి, ఆ తర్వాతే మిగతా రెండు సెట్లకు డబ్బు కట్టండి.