పాట కోసం పట్నం: హైదరాబాద్ కచేరీ వేదికలు, బసలు, తిరుగు ప్రయాణాలు

కచేరీల కోసం హనుమకొండ నుంచి హైదరాబాద్ పోయి రావడం మా వదినకూ నాకూ చాలా ఏళ్లుగా అలవాటు. సినిమా పాటల స్టేడియం షోలు, కర్ణాటక కచేరీలు, హిందుస్తానీ, ఖవ్వాలీ, కాలేజీ పిల్లల బ్యాండ్లు, ఏదైనా సరే. ఎదురుగా మనిషి నిలబడి పాడుతున్నాడంటే ఇంట్లో కాలు నిలవదు మాకు. ఫోన్లో వినే పాట ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. కచేరీలో పాడే మనిషికి ఆ సాయంత్రం గొంతు ఎలా పలికితే పాట అలా నడుస్తుంది, దాని కోసమే ఇంత తిరుగుడు.

మాలాగా ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా "టికెట్ ఎంత?" అని అడుగుతారు. నేను మాత్రం ముందు వేదిక ఎక్కడుందో చూస్తాను. హైదరాబాద్‌లో వేదికను బట్టే మనకు ఎంత సంగీతం దక్కుతుందో, రాత్రి ఎన్నింటికి పక్క మీద వాలతామో తేలిపోతుంది. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు పెట్టకూడదు. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఓపెన్ గ్రౌండ్ షోలు పదింటికల్లా ఆపేయాల్సిందే. మెట్రో చివరి రైలు ఇప్పుడు టెర్మినల్ స్టేషన్ల నుంచి 11 గంటలకు. అంటే వేల మంది ఒకే గేటు నుంచి బయటపడి స్టేషన్ చేరడానికి ఉన్నది గంట సమయం. ఈ లెక్క చూసుకున్నాకే నేను బుకింగ్ యాప్ తెరుస్తాను.

వరంగల్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఒక సుఖం ఉంది. బస్సు ఉప్పల్‌లో దిగితే అక్కడే బ్లూ లైన్ మెట్రో. రైలు మారే పని లేకుండా హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా పోవచ్చు. పెద్ద షోలు ఎక్కువగా ఆ వైపే కాబట్టి సాయంత్రం ట్రాఫిక్ టెన్షన్ సగం తగ్గుతుంది.

స్టేడియాల సంగతి ముందు చెప్పేస్తాను. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగిన గచ్చిబౌలి స్టేడియమే ఇప్పుడు మన సినిమా సంగీతానికి పెద్ద పందిరి. 2023 ఫిబ్రవరిలో ఇళయరాజా, 2024 అక్టోబరులో దేవిశ్రీప్రసాద్ అక్కడే కచేరీ చేశారు. ఇలాంటి చోట స్టేజీ ముందున్న ఖరీదైన నిలబడే టికెట్ మీద అందరికీ మోజు. మనిషి దగ్గరగా కనిపిస్తాడు, నిజమే. కానీ ఆ చోట కింద పెట్టిన బేస్ స్పీకర్లు గుండెల మీద బాదుతాయి, గొంతు వాటి కింద నలిగిపోతుంది. శబ్దం బాగా వినిపించేది మధ్యలో సౌండ్ ఇంజినీరు కూర్చునే గుడారం దగ్గర. ఆయన తన చెవికి వినిపించినదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు కాబట్టి ఆ చుట్టుపక్కల వయొలిన్ వయొలిన్‌లాగా, వేణువు వేణువులాగా వినిపిస్తాయి. మరీ వెనక్కు పోతే ఇంకో తంటా. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, స్టేజీకి వంద మీటర్ల అవతల ఉంటే పెదవుల కదలికకూ చెవిన పడే మాటకూ పావు సెకను పైగా తేడా వస్తుంది. మంచి నిర్వాహకులు మైదానం మధ్యలో ఇంకో వరస స్పీకర్లు కట్టి, వాటి శబ్దాన్ని ఆ మేరకు ఆలస్యంగా వదులుతారు. సీటింగ్ ప్లాన్‌లో ఆ స్తంభాలు కనిపిస్తే వెనక టికెట్ కూడా ధైర్యంగా కొనొచ్చు.

అయినా స్టేడియానికి పోతూనే ఉంటాం. చిన్నప్పుడు రేడియోలో విన్న పాట పల్లవి ఎత్తుకోగానే ముక్కూ మొహం తెలియని వేల మంది ఒకే చోట ఊపిరి తీసుకుని ఒకే చోట పాదం అందుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన చరణం మొత్తం ఒక్క మాట తడబడకుండా పాడి, తర్వాత జేబురుమాలుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. అది నాకు ఏ చిన్న సభలోనూ దొరకలేదు. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. 100 డెసిబెల్స్ హోరులో చెవికి భద్రమైన సమయం 15 నిమిషాలేనంటారు, షో చూస్తే మూడు గంటలు.

ఇక బస. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు హోటళ్లు, సర్వీస్ అపార్ట్‌మెంట్లు ఆఫీసు పని మీద వచ్చేవాళ్ల మీద నడుస్తాయి. అందుకని శని, ఆదివారాల్లో రేటు తగ్గడం మామూలు, పెద్ద షో ఉన్న వారం మాత్రం ఒక్కసారిగా పెరుగుతుంది. షో ప్రకటించిన రోజే, రద్దు చేసుకునే వీలున్న గది పట్టేయడం మా పద్ధతి. ఆ వైపే ఒక చోట మాకు చేదు అనుభవం ఎదురైంది. ఆన్‌లైన్‌లో డబ్బంతా కట్టి, రాత్రి పదకొండింటికి పోతే గది వేరేవాళ్లకు ఇచ్చేశారు.

"మేడమ్, మీరు ఎనిమిదింటిలోపు రావాలె. ఇయ్యాళ మస్తు రష్ ఉంది" అన్నాడు కౌంటర్‌లోని అబ్బాయి.

"ఆ ముక్క పైసలు తీసుకునేటప్పుడు ఎందుకు రాయలేదు తమ్ముడూ?" అని వదిన అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. అరగంటకు ఇంకో గది దొరికింది, కిటికీ లేనిది. అప్పటి నుంచి మధ్యాహ్నమే దిగి, తాళం చేతిలో పడ్డాకే షోకు బయల్దేరుతున్నాం. స్టేడియం నుంచి నడిచి పోగలిగేంత దగ్గర బస దొరికితే ఐదారు వందలు ఎక్కువైనా ఇచ్చేయొచ్చు, షో వదిలిన గంటలో క్యాబ్ రేటు అంతకన్నా ఎక్కువే పెరుగుతుంది. క్యాబే కావాలంటే గేటు ముందు నిలబడకుండా ఒక కిలోమీటరు నడిచి బుక్ చేయండి. ఆటో అన్నలు కూడా అదే చెబుతారు, "గీ సందులకు బండి రాదక్కా, మెయిన్ రోడ్డు మీదికి రాండ్రి" అని. ఆకలైతే ఆ చుట్టుపక్కల బండ్ల దగ్గర వేడివేడిగా ఏదో ఒకటి దొరుకుతుంది.

అంతర్జాతీయ గాయకులు వస్తే వేదిక ఊరి అంచుకు పోతోంది. దిల్జీత్ దోసాంజ్ 2024 నవంబరు 15న విమానాశ్రయం దగ్గర జీఎంఆర్ అరీనాలో పాడాడు, ఎడ్ షీరన్ 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో. విమానాశ్రయం వైపయితే ఆర్టీసీ పుష్పక్ బస్సులు రాత్రంతా తిరుగుతాయి, అదే పెద్ద దిక్కు. ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద ఉంది కాబట్టి సూర్యాపేట, విజయవాడ వాళ్లకు నగరంలో అడుగు పెట్టే పనే లేదు. మా వరంగల్ వాళ్లు కారులో పోతే ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగడం ఉత్తమం. మెట్రో ఎల్బీ నగర్‌తో ఆగిపోతుంది, అక్కడి నుంచి చాలా దూరం ఉంది.

శివార్లలో ఒక ఖాళీ మైదానంలో జరిగిన షో గురించి మాత్రం కడుపు మండి చెబుతున్నాను, పేరు అనవసరం. గేటు దగ్గర నీళ్ల సీసాలు లాక్కున్నారు, లోపల చిన్న సీసాకు బయటి ధరకు ఎన్నో రెట్లు అడిగారు. ఆడవాళ్ల మరుగుదొడ్ల ముందు క్యూ ఎంత పొడుగుందంటే, వెళ్లొచ్చేసరికి పాటలు పాటలే అయిపోయాయి. లైట్లకూ బాణసంచాకూ అంత ఖర్చు పెట్టినవాళ్లు ఇంకో వరస టాయిలెట్లు పెట్టలేరా? మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగకుండా కచేరీకి వచ్చే ఆడవాళ్లు ఎంతమందో వాళ్లకు తెలియదు.

ఏసీ హాలు కావాలంటే శిల్పకళా వేదిక సుఖం. హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగితే దగ్గరే. వానా కాలంలో షో రద్దవుతుందన్న బెంగ ఉండదు. రవీంద్రభారతి టాగూర్ శతజయంతి రోజుల్లో కట్టిన హాలు, లక్డీకాపూల్ లేదా అసెంబ్లీ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడ చాలా కార్యక్రమాలకు టికెట్ ఉండదు. కొన్ని సంస్థలు శాలువాలు, ఉపన్యాసాలతోనే గంటన్నర గడిపేస్తాయి, పాడేవాళ్లకు చివర్లో మిగిలింది ఇస్తారు. ఆహ్వాన పత్రికలో వక్తల పేర్లు ఎక్కువగా కనిపిస్తే మేం ఆలస్యంగా బయల్దేరతాం.

నా మనసు మాత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభ దగ్గరే ఉంది. ఉప్పల్ నుంచి వస్తే పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్‌కు మారితే చిక్కడపల్లి స్టేషనే ఉంది. ముందు వరసలో కూర్చోండి. కచేరీ మొదలవక ముందు మృదంగం ఆయన చిన్న రవ్వ ముద్దను నీళ్లతో తడిపి ఎడమ వైపు తోలు మధ్యలో అద్దుతారు. బొటనవేలితో అంచులు గుండ్రంగా నొక్కి, అరచేత్తో ఒకసారి తట్టి వింటారు. చాలలేదనుకుంటే ఇంకాస్త రవ్వ, ఎక్కువైతే గోటితో గీకేస్తారు. తర్వాత కుడి వైపు అంచు మీద రాయితో టక్ టక్ మని కొట్టి శ్రుతికి తెస్తారు. ఆ రవ్వ ముద్ద బరువుతోనే ఎడమ చేతి దెబ్బకు గుమ్మని లోతైన నాదం వస్తుంది. అది చూశాక రెండు గంటల పాటు నా చెవి ఆ గుమ్మనే శబ్దం వెంటే పోయింది. స్టేడియంలో పెద్ద తెర మీద కూడా ఇది చూపించరు. పైగా తొమ్మిదిన్నరకల్లా వదిలేస్తారు, మెట్రోకు పరుగెత్తక్కర్లేదు.

ఏడాదికి ఒక్కసారే పట్నం రాగలిగేవాళ్లకు నేను చెప్పేది నవంబరు చివర్లో జరిగే పండిత్ మోతీరామ్ పండిత్ మణిరామ్ సంగీత్ సమారోహ్. ఈ ఉత్సవాన్ని హిందుస్తానీ గాయకుడు పండిత్ జస్‌రాజ్ 1972లో మొదలుపెట్టారు. ఆయన తండ్రి మోతీరామ్ 1934లో ఇక్కడే కన్నుమూశారు, అదీ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన గాయకుడిగా నియమితులు కావాల్సిన రోజునే అంటారు. సమాధి అంబర్‌పేటలో ఉంది. అప్పటికి జస్‌రాజ్‌కు నాలుగేళ్లు. ఆ పిల్లవాడు బడికి పోయే దారిలో ఒక చిన్న హోటల్ ముందు ఆగి గజల్ గాయని బేగం అఖ్తర్ రికార్డు వింటూ బడి ఎగ్గొట్టేవాడట. హర్యానా నుంచి వచ్చిన కుటుంబం, తండ్రిని మట్టిలో కలిపిన ఊరు. ఆ ఊరికే ఆయన ఏటా దేశంలోని మహామహుల్ని తీసుకొచ్చి ఉచితంగా పాడించారు. 2020లో ఆయన పోయాక కూడా అది ఆగలేదు.

చౌమొహల్లా ప్యాలెస్ ఆవరణలో సమారోహ్ విన్న రాత్రి మేం శాలువాలు కప్పుకుని కూర్చున్నాం. శ్రుతి కోసం తాన్‌పురా మీటే ఆమె తంతికీ కింది దంతపు మెట్టుకీ మధ్యలో నూలుపోగును వెంట్రుకవాసి జరిపింది. అప్పటిదాకా పొడిగా ఉన్న శ్రుతి ఒక్కసారిగా జుమ్మని నిండిపోయింది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "విన్నవా, అదే!" అంది. గాయకుడు ఇంకా నోరు తెరవనే లేదు. చౌమొహల్లాకు పోవాలంటే ఎంజీబీఎస్ మెట్రోలో దిగి ఆటో ఎక్కడం మంచిది, సాయంత్రం పాతబస్తీ సందుల్లోకి కారు వద్దు. ముందే పోతే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ కానిచ్చి, చార్మినార్ చూసుకుంటూ నడిచి రావచ్చు.

అలాంటి రోజులకు బస నాంపల్లి, ఆబిడ్స్ వైపు పెట్టుకుంటాం. గదులు పాతవి, లిఫ్టు అన్ని చోట్లా ఉండదు, కానీ రేటు అందుబాటులో ఉంటుంది, మెట్రో కాలి కింద ఉన్నట్టే. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఖవ్వాలీ కూడా అక్కడి నుంచి వినొచ్చు. ఆడవాళ్లు తల మీద చున్నీ వేసుకుని పక్కగా కూర్చోవాలి, టికెట్ లేదు, ఫోన్ జేబులో ఉంటేనే మర్యాద. ఈ నగరం ఖవ్వాలీ అంటే వార్సీ సోదరుల పేరే ముందొస్తుంది, పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ మనవలు వాళ్లు. ఎక్కడ పాడుతున్నా వదులుకోకండి. తెల్లవారుజామున ఆకలేస్తే మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండీ దోసె ఉండనే ఉంది.

కుర్రకారుకు బంజారాహిల్స్ లామకాన్ చెబుతాను. 2010 నుంచి నడుస్తున్న ఆరుబయలు వేదిక, ఒకప్పుడు ఇల్లు. రాతి మెట్ల మీద కూర్చుని చాయ్, సమోసాతో కొత్త పిల్లల పాటలు వినొచ్చు. కొన్నిసార్లు గొప్పగా ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు, ఖర్చు మాత్రం ఎప్పుడూ తక్కువే.

కుటుంబంతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు ఇబ్రహీంబాగ్‌లోని తారామతి బారాదరి మంచిది. పన్నెండు ద్వారాల కుతుబ్‌షాహీ మండపం, దాని కింద ఆరుబయట రంగస్థలం, అదే ఆవరణలో టూరిజం వాళ్ల హరిత హోటల్. పాట అయిపోయాక నడిచి గదికి పోవడమే, క్యాబ్ గొడవ లేదు. మెట్రో దగ్గర్లో లేదు కాబట్టి సామాను తగ్గించుకుని మెహదీపట్నం మీదుగా ఆటోలో రండి. గోల్కొండ కోట కూడా అటే, పొద్దునే చూసేయొచ్చు. ఈసారి నవంబరుకు సమారోహ్ తేదీలు రాగానే సగం రోజులు నాంపల్లిలో, చివరి రాత్రి తారామతిలో ఉండేలా వదిన అప్పుడే ప్లాన్ వేసేసింది. అన్నయ్యకు ఇంకా చెప్పలేదు.