ఆపిల్ రుచి, నీచు వాసన

మా వీధి చివరి జిమ్‌కు ఆనుకుని ఉన్న కొట్లో ఎల్-కార్నిటిన్ అనే పోషక ద్రవం సీసా కొన్నాను, 1,300 రూపాయలు. కంపెనీ పేరు అనవసరం, ఈ బాపతు సీసాలన్నిటి మీదా కొవ్వు కరుగుతుందనే రాసి ఉంటుంది. "మీరు శాకాహారులు కదా మేడం, మీకిది తప్పనిసరి" అన్నాడు అమ్మినాయన.

తప్పనిసరేమీ కాదు. మాంసంలో కార్నిటిన్ ఎక్కువన్నది నిజమే, 1905లో దాన్ని మొదట వేరుచేసింది కూడా మాంసం నుంచే. కానీ లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ల ముక్కలు) అందితే మన కాలేయం, మూత్రపిండాలే దాన్ని తయారుచేసుకుంటాయి. మొదటిది పప్పులో దండిగా ఉంటుంది, రెండోదాని కొరతను అన్నం తీరుస్తుంది. ఇనుము, విటమిన్ సి కూడా కావాలంటారా, తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి. జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, ఇంత తెలిసీ ఎందుకు కొన్నానంటే కుతూహలం, కాస్త మోకాళ్ల నొప్పి.

పొడవాటి కొవ్వు ఆమ్లాలు, కణాల్లో వాటిని మండించే కొలిమి అయిన మైటోకాండ్రియా లోపలి పొరను సొంతంగా దాటలేవు. కార్నిటిన్ మిర్చి యార్డు హమాలీలా వాటిని లోపలికి చేర్చి, మళ్లీ బయటికొచ్చి ఇంకో బస్తా ఎత్తుకుంటుంది. లోపల సరుకు కదలనప్పుడు హమాలీలను పెంచి ఏం లాభం? ఒళ్లు వంచితేనే కొవ్వుకు గిరాకీ. నా బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

రుచికి వంక పెట్టను, పచ్చ ఆపిల్ పులుపు బాగుంది. చిక్కంతా మోతాదుతోనే. సీసా మీద రాసినట్టు పూటకో మూత చొప్పున తాగితే రోజుకు 3 గ్రాములు. అందులో ఒంటికి పట్టేది తక్కువ, మిగిలింది పేగుల్లోని బ్యాక్టీరియా పాలు. అవి దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తాయి, అంటే చేపల వాసన! ఉల్లిపాయ కూడా ఆచితూచి వాడే మా ఇంట్లో, నా చీరలు మడతపెడుతూ అత్తగారు "ఈ నీచు వాసన ఎక్కడిదే?" అన్నారు. ఆ పదార్థమే కాలేయంలో మరో రూపం దాలుస్తుంది, దానికీ గుండె జబ్బులకూ సంబంధం ఉందన్న అనుమానం శాస్త్రవేత్తలకు ఉంది. సీసా మీద ఈ ముక్క లేదు.

పుట్టుకతో కార్నిటిన్ లోపమున్న పిల్లలకు, డయాలసిస్ చేయించుకునేవారిలో కొందరికి ఇది నిజంగా మందే. అయితే డాక్టరు రాసివ్వాలి. థైరాయిడ్ మాత్ర వేసుకుంటానని కొనేటప్పుడే చెప్పాను. కార్నిటిన్ ఆ మాత్రలోని థైరాయిడ్ హార్మోను పనికి అడ్డుపడగలదు. అమ్మినాయన తల ఊపి, బిల్లు కొట్టాడు. రుచికి ఒక నక్షత్రం, కొట్టుకు సున్నా.