లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్: ఏ ప్రతి కొనాలి, ఎక్కడ ఆగి చదవాలి

పసితనం పోవడం మీద ఇంగ్లీషులో నవలలకి కొదవ లేదు. వాటిలో ఎక్కువ భాగం పెద్దయ్యాక వెనక్కి తిరిగి బెంగపడేవే. విలియం గోల్డింగ్ నవల 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్' ఆ దారిన పోదు. ఫేబర్ ప్రచురణ సంస్థ 1954లో లండన్‌లో వేసిన ఈ పుస్తకంలో పన్నెండు అధ్యాయాలు, దాదాపు 60 వేల పదాలు. నాలుగు సాయంత్రాలు కూర్చుంటే అయిపోతుంది. కథ చివరిదాకా ఇక్కడ చెప్పక తప్పదు కాబట్టి, తెలియకుండా చదవాలనుకునేవాళ్లు కిందికి దిగి ప్రతుల సంగతి మాత్రం చూసుకుంటే చాలు.

యుద్ధం మధ్యలో ఇంగ్లండు పిల్లల్ని తరలిస్తున్న విమానం కూలిపోతుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు మగపిల్లలు పెద్దవాళ్లెవరూ లేని దీవిలో మిగులుతారు. శంఖం ఊది అందర్నీ పోగేసిన రాల్ఫ్‌ని నాయకుడిగా ఎన్నుకుంటారు. ఆలోచన చెప్పేది పిగ్గీ, వాడి కళ్లద్దాలతోనే ఎండ పట్టి మంట రాజేస్తారు. చర్చి పాటల బృందానికి పెద్దగా ఉన్న జాక్ వేటగాళ్లకి పెద్ద అవుతాడు.

మన దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థులకి ఈ నవల చాలావరకు గైడ్ల ద్వారానే తెలుస్తుంది. శంఖం అంటే ప్రజాస్వామ్యం, కళ్లద్దాలంటే విజ్ఞానం, వేటగాళ్లు కర్రకి గుచ్చిన పంది తల అంటే చెడు అని గడులు గీసి ఇస్తారు. పరీక్షలో మార్కులు పడతాయి, కానీ నవల చేతికి రాదు. ఎందుకంటే గోల్డింగ్ అసలు పనితనమంతా ఆ గడుల మధ్య మెట్ల మీద ఉంది. పెన్సిలు పట్టుకుని ఆ మెట్లు గుర్తు పెట్టుకుంటూ చదవాలి.

మొదటి అధ్యాయంలో తీగల్లో చిక్కుకున్న పందిపిల్ల జాక్‌కి దొరుకుతుంది. కత్తి ఎత్తుతాడు, దించలేడు. బతికున్న ఒంట్లోకి కత్తి దిగడం, ఆ రక్తం, వాడి ఊహకే అందని సంగతులు. నాలుగో అధ్యాయానికి మొదటి పందిని చంపేస్తారు. ఏడులో రాబర్ట్ అనే పిల్లాణ్ణి పంది చేసి ఆడిన ఆట చేయి దాటి, వాడు నొప్పితో అరుస్తాడు. ఎనిమిదిలో పాలిచ్చే పందిని పొడిచి పొడిచి చంపుతారు. తొమ్మిదిలో చీకట్లో, వానలో, చిందుల మధ్య తమలో ఒకడైన సైమన్‌నే. ప్రతి మెట్టూ ముందుదాని కంటే కొంచెమే ఎత్తు. అందుకే ఎక్కుతున్నట్టు ఎవరికీ తెలియదు, చదివేవాళ్లతో సహా.

వీటన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది నాలుగో అధ్యాయం మొదట్లోని నాలుగైదు పేజీలు. రోజర్, మారిస్ అనే ఇద్దరు పెద్దపిల్లలు చిన్నపిల్లల ఇసుక గూళ్లు తన్నేసి పోతారు. ఆ చిన్నవాళ్లలో పెర్సివల్ అనేవాడు కంట్లో ఇసుక పడి ఏడుస్తాడు. మారిస్ గబగబా తప్పుకుంటాడు, ఎందుకంటే ఇంటి దగ్గర ఇలాగే ఒక చిన్నవాడి కంట్లో ఇసుక కొట్టి దెబ్బలు తిన్నాడు. ఇక్కడ కొట్టే పెద్దవాళ్లు లేరు, అయినా లోపల ఏదో పీకుతుంది. తర్వాత రోజర్ చెట్టు చాటున నిలబడి, ఒడ్డున ఆడుకుంటున్న హెన్రీ అనే చిన్నవాడి వైపు రాళ్లు విసురుతాడు. ఒక్కటీ తగలదు, తగలకుండానే విసురుతాడు. హెన్రీ చుట్టూ ఇటునుంచి అటు ఆరు గజాల జాగా ఒకటుంది, అందులోకి రాయి వెయ్యడానికి రోజర్ చెయ్యి రాదు. అమ్మానాన్నలు, బడి, పోలీసులు, చట్టం కనిపించకుండా అక్కడ కాపలా కాస్తున్నాయి.

ఇప్పుడు నేరుగా పదకొండో అధ్యాయానికి వెళ్లండి. అదే రోజర్ కొండ మీద నిలబడి కవల పిల్లల మధ్యకి చిన్న రాయి విసురుతాడు. ఇదీ తగలకుండా వేసిందే. కానీ ఈసారి ఒంట్లో ఏదో బలం పొంగినట్టు అనిపిస్తుంది. మరి కాసేపటికి పెద్ద బండని దొర్లించడానికి దాని కింద పెట్టిన కర్ర మీద తన బరువంతా మోపుతాడు. బండ దొర్లుతుంది. శంఖం ముక్కలవుతుంది, పిగ్గీ నలభై అడుగుల కింద రాతి మీద పడతాడు. ఈ రెండు చోట్లూ పక్కపక్కన పెట్టి చదివితే గోల్డింగ్ ఏమంటున్నాడో అర్థమవుతుంది. పిల్లలు పుట్టుకతో మంచివాళ్లనీ, దీవి వాళ్లని చెడగొట్టిందనీ ఆయన అనడం లేదు. అమాయకత్వం అని మనం పిలుచుకునేదాంట్లో సగం దెబ్బల భయమే అంటున్నాడు. ఆ భయం అరిగిపోవడానికి పట్టే కాలమే నవల నిడివి.

మిగతా సగం ఏమిటో పెర్సివల్ దగ్గర దొరుకుతుంది. తప్పిపోతే చెప్పమని ఇంట్లో నేర్పిన పాఠం ఐదో అధ్యాయంలో అందరి ముందూ అప్పజెబుతాడు: పెర్సివల్ వీమ్స్ మాడిసన్, ద వికరేజ్, హార్కోర్ట్ సెయింట్ ఆంథొనీ, హ్యాంప్‌షైర్. ఫోన్ నంబరు దగ్గర ఏడుపు వచ్చేస్తుంది. పన్నెండులో నౌకాదళ అధికారి ఎదురుగా నిలబడి మళ్లీ మొదలుపెట్టబోతాడు. పేరు కూడా రాదు. గైడ్లలో ఈ పిల్లాడి ఊసు కనబడటం అరుదు. చివరి పేజీలో అమాయకత్వం అంతమైందని రాల్ఫ్ ఏడ్చే వాక్యాన్ని మాత్రం అందరూ ఎత్తి రాస్తారు. నిజానికి అది రచయిత తన పాఠాన్ని తానే చెప్పేసుకున్న చోటు. పెర్సివల్ నోరు తెరిచి ఆగిపోవడం దానికంటే గట్టిది.

లోపాలూ ఉన్నాయి. పిగ్గీకి దూరం ఆనదని నవలే చెబుతుంది. అలాంటివాళ్లకి ఇచ్చేది పుటాకార కటకం. అది ఎండని ఒకచోటికి చేర్చదు, చెదరగొడుతుంది. దాంతో మంట రాజుకోదు. పదో తరగతి పిల్లాడు పట్టుకోగల తప్పు, పైగా కథ నడిచేదంతా ఆ మంట మీదే. 'సావేజ్' (ఆటవికుడు) అన్న మాట వాడిన తీరులో వలస పాలన నాటి చూపు తొలగలేదు. పాత ముద్రణల్లో పిగ్గీ నోట నల్లవాళ్లని కించపరిచే మాట ఒకటి ఉండేది, తర్వాతివాటిలో మార్చారు. మొదటి పేజీల్లో ఏమైందో తెలియక చదివేవాళ్లు తడబడతారు. గోల్డింగ్ ముందు రాసిన యుద్ధపు ఆరంభాన్ని ఫేబర్ సంపాదకుడు చార్ల్స్ మాంటీత్ తీయించేశాడు. ఆయన లేకపోతే పుస్తకమే లేదు, ఆ సంస్థలోనే మొదట చదివినవాళ్లు చెత్త అని పక్కన పడేసిన రాతప్రతి ఇది.

1965లో పసిఫిక్ దీవుల దేశం టోంగాకి చెందిన ఆరుగురు కుర్రాళ్లు అటా దీవిలో చిక్కుకుని పదిహేను నెలలు కలిసిమెలిసి బతికారని, కాబట్టి గోల్డింగ్ తప్పని ఈమధ్య తరచుగా వినబడుతోంది. వాళ్లు ముందే స్నేహితులు, వయసులో పెద్దవాళ్లు, వెంట ఆరేళ్ల పిల్లలు లేరు. పోలిక అంత తేలిగ్గా కుదరదు.

ప్రతుల సంగతి. మామూలు ఫేబర్ పేపర్‌బ్యాక్ చాలు. గోల్డింగ్ శతజయంతికి 2011లో వచ్చిన ప్రతిలో అమెరికన్ నవలాకారుడు స్టీఫెన్ కింగ్ ముందుమాట ఉంది, బాగుంటుంది, కానీ నవల అయ్యాకే చదవండి. అమెరికా ముద్రణల్లో వెనక ఎప్స్టీన్ అనే విమర్శకుడు రాసిన వివరణ వస్తుంది. గైడ్ల గడులకి అదొక మూలం, దాన్ని వదిలేసినా నష్టం లేదు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ప్రతి కొంటే పన్నెండో అధ్యాయం చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకుని డబ్బులివ్వండి. ఎమే ద యాంగ్ 2024లో గీసిన బొమ్మల నవల రంగుల్లో చక్కగా ఉంది, అయితే హెన్రీ చుట్టూ ఉన్న ఆ ఆరు గజాల్ని బొమ్మలో పూర్తిగా చూపడం ఎవరి తరమూ కాదు. గోల్డింగ్ స్వయంగా చదివిన ఆడియో దొరికితే వదలొద్దు. పిగ్గీ యాస, 'ఆస్‌మార్' అంటే ఆస్త్మా అన్న సంగతి చెవికి వెంటనే తెలుస్తాయి.

ఇంగ్లీషు నవలలు కొత్తవాళ్లకి మొదటి మూడు అధ్యాయాలు బరువుగా ఉంటాయి, చెట్లూ రాళ్లూ వర్ణన ఎక్కువ. ఒక కాగితం మీద దీవి గీసుకోండి: నీటి ఒడ్డున సమావేశాల జాగా, విమానం చీల్చిన దారి, మంట వేసే కొండ, ఒక కొసన కోటలాంటి రాతి గుట్ట కాజిల్ రాక్. ఎవరు ఎక్కడున్నారో తెలిస్తే సగం కష్టం పోతుంది. ఎనిమిదో తరగతికి తక్కువ పిల్లలకి మాత్రం ఇవ్వొద్దు, ఎనిమిదో అధ్యాయంలో ఆ పందిని చంపే తీరు పెద్దవాళ్లకే కష్టం.