మూడేళ్లు దాటాక నా మొబిలిటీ స్కూటర్ గురించి

శ్రీకాకుళంలో మొబిలిటీ స్కూటర్లు (నడక కష్టమైనవాళ్లు కూర్చుని నడిపే బ్యాటరీ బండ్లు) వాడేవాళ్లు తక్కువ, కాబట్టి అది ఆగిపోతే చేయి వేసే మెకానిక్ దొరకడం కూడా కష్టమే. నాకు పోలియో. రైతుబజారుకైనా అరసవల్లి గుడికైనా ఈ నాలుగు చక్రాల బండి మీదే మూడేళ్లకు పైగా తిరుగుతున్నాను. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. కాకపోతే దీని బాగోగులన్నీ బ్యాటరీల దగ్గరే తేలుతాయి.

కొన్న రెండేళ్లకి నాగావళి వంతెన ఎక్కుతుంటే బండి మధ్యలో ఆగిపోవడం మొదలైంది, కాసేపు ఆగితే మళ్లీ కదిలేది. చూసినతను కంట్రోలర్ (మోటారుకి వెళ్లే కరెంటుని అదుపు చేసే పెట్టె) పోయింది, మార్చాల్సిందే అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. సీటు కింద 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులు ఇస్తాయి. ఖాళీగా నిలబెట్టి మల్టీమీటర్ పెడితే రెండూ 12.7 చూపించాయి, చూడ్డానికి బ్రహ్మాండం. అదే మీటరు క్లిప్పులు తగిలించి, నేను ఇంటి ర్యాంపు ఎక్కిస్తుంటే మా తమ్ముడు ఒక్కో బ్యాటరీ చూశాడు, ఒకటి 12 దగ్గర నిలబడింది, రెండోది 10 కిందికి జారిపోయింది. బరువు పడ్డప్పుడు చూస్తేనే బ్యాటరీ సంగతి తెలుస్తుంది. మార్చేటప్పుడు రెండూ కలిపే మార్చాలి, పాతదాని పక్కన కొత్తది పెడితే కొత్తది కూడా త్వరగా పాడవుతుంది.

బండి అసలు కదలకపోతే ముందుగా వెనకవైపు ఉన్న ఫ్రీవీల్ లివర్ చూడండి, అది బండిని చేత్తో తోసుకునే స్థానంలో ఉంటే మోటారు పనిచేయదు. చార్జర్ తగిలించి ఉన్నా కదలదు. తాళం తిప్పేటప్పుడు యాక్సిలరేటర్ మీద చేయి ఉండకూడదు. తర్వాత సర్క్యూట్ బ్రేకర్ బటన్ బయటికి వచ్చి ఉందేమో చూసి నొక్కండి, మళ్లీ మళ్లీ వచ్చేస్తుంటే మాత్రం బలవంతంగా నొక్కొద్దు, ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. లోపం చూపించే లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరుతుందో లెక్కపెట్టి మాన్యువల్‌తో పోల్చండి, ఆ లెక్క కంపెనీని బట్టి మారుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, వాలులో ఆ ఫ్రీవీల్ లివర్‌ని ఎప్పుడూ తోసే స్థానంలోకి మార్చకండి, అప్పుడు బ్రేకులు ఉండవు.

మన తీరప్రాంతపు గాలికి టెర్మినళ్లకి తెల్లటి పొర పట్టేస్తుంది. తుడిచి, బిగించి, పైన కొంచెం వాసెలిన్ రాస్తాను. పైపు పెట్టి కడగను, తడి గుడ్డతో సరి. టైరు గాలి సైడు మీద రాసిన లెక్కకి ఉంచితే మైలేజీలో తేడా బాగా తెలుస్తుంది. నాది రెండు ముక్కల రిమ్ము, పంక్చర్ షాపులో గాలి పూర్తిగా తీసేశాకే బోల్టులు విప్పమని ముందే చెబుతాను, లేకపోతే రిమ్ము ఎగిరి ముఖానికి తగలొచ్చు.

చార్జింగ్ తిరిగొచ్చిన రోజే పెట్టి, నిండేదాకా వదిలేయాలి. సగంలో వదిలేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ లోపలి పలకల మీద సల్ఫేట్ గడ్డకట్టి చచ్చిపోతుంది. తిత్లీ తుఫానప్పుడు (2018 అక్టోబర్) మన జిల్లాలో కరెంటు పోయి జనం పడ్డ అవస్థ గుర్తుంది కాబట్టి, వాతావరణ హెచ్చరిక రాగానే నిండా చార్జి చేసుకుంటాను. బ్యాటరీలు కొనేటప్పుడు తయారీ తేదీ అడగండి, షాపులో నెలల తరబడి చార్జి లేకుండా పడి ఉన్నవి తీసుకోకండి.