1946 సీజన్: నోటర్ డేమ్ మేలా, ఆర్మీ మేలా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చరిత్ర తిరగేసేవాళ్లు ఎక్కడో ఒకచోట 1946 దగ్గర ఆగి వాదులాడుకోక తప్పదు. ఆ ఏడాది ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ యూనివర్సిటీ 9 మ్యాచ్‌లాడి 8 గెలిచింది. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టు, అంటే ఆర్మీ, 10 ఆడి 9 గెలిచింది. ఇద్దరికీ మిగిలింది ఒక్కొక్క డ్రా. ఆ డ్రా కూడా ఒకరితో ఒకరు ఆడినదే: నవంబర్ 9న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, 74 వేల మంది ముందు, 0-0.

నా ఓటు నోటర్ డేమ్‌కి. అయితే ఆ ఓటుకి కారణం యాంకీ స్టేడియంలో దొరకదు, మిగతా మ్యాచ్‌ల్లో వెతకాలి.

ముందు ఆర్మీ సంగతి. యుద్ధం నడిచిన 1944, 1945ల్లో వీళ్లకి ఎదురే లేదు. మిగతా కాలేజీల కుర్రాళ్లు సైన్యంలో చేరిపోతుంటే, వెస్ట్ పాయింట్‌లో చదివేవాళ్లు అక్కడే ఉండి ఆడారు. నోటర్ డేమ్‌ని 1944లో 59-0తో, మరుసటేడు 48-0తో చితక్కొట్టారు. కోచ్ రెడ్ బ్లేక్ చేతిలో ఇద్దరు పరుగుల వీరులుండేవాళ్లు: డాక్ బ్లాంచర్డ్, గ్లెన్ డేవిస్. మధ్యలోంచి గుద్దుకుంటూ దూసుకుపోవడం బ్లాంచర్డ్ పని, పక్కల నుంచి జారిపోవడం డేవిస్ పని. అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ 1945లో బ్లాంచర్డ్‌కి, 1946లో డేవిస్‌కి దక్కింది. యాంకీ స్టేడియంలో అడుగుపెట్టేసరికి ఆర్మీ వరసగా 25 మ్యాచ్‌లు గెలిచి ఉంది.

అవతల నోటర్ డేమ్‌కి 1946 అంటే ఇంటికి తిరిగొచ్చిన ఏడాది. కోచ్ ఫ్రాంక్ లీహీ రెండు సీజన్లు నేవీలో గడిపి వచ్చాడు. దాడిని నడిపిస్తూ పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ జానీ లుజాక్ కూడా నేవీ నుంచే వచ్చాడు. జిమ్ మార్టిన్ మెరైన్ దళంలో పసిఫిక్ యుద్ధం చూసి, ఆ తర్వాత కాలేజీలో ఫస్టియర్‌గా చేరాడు! అదే జట్టులో పదిహేడేళ్ల లియాన్ హార్ట్ కూడా ఉన్నాడు. యుద్ధం చూసొచ్చిన మగవాళ్లూ మీసం రాని కుర్రాళ్లూ ఒకే బెంచీ మీద. ఒకడు అలిసిపోతే దించడానికి అంతే బలమైన ఇంకొకడు సిద్ధం. ఆర్మీకి ఆ ఏడు ఈ సౌకర్యం లేదు. మొదటి వరస అద్భుతం, దాని వెనక పలచన. పైగా సీజన్ మొదటి మ్యాచ్‌లోనే బ్లాంచర్డ్ మోకాలు దెబ్బతింది.

ఇక ఆ 0-0. ఊరించి ఊరించి ఉసూరుమనిపించిన మ్యాచ్ అని అప్పట్లోనే చాలామంది విసుక్కున్నారు. నాకలా అనిపించదు. ఆట నాలుగు భాగాల్లో, అంటే క్వార్టర్లలో, రెండోదాంట్లో నోటర్ డేమ్ ఆర్మీ గోల్‌కి 4 గజాల దూరం దాకా వచ్చింది. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేదంటే బంతి అవతలివాళ్లకి పోతుంది. నాలుగో ప్రయత్నంలో ఫీల్డ్ గోల్, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యలోంచి పోయేలా, తన్నుంటే 3 పాయింట్లు వచ్చే అవకాశం ఉంది, మ్యాచే గెలిచేవాళ్లు. తన్నలేదు. బిల్ గాంపర్స్‌ని పక్కగా పరిగెత్తించారు, ఆర్మీ ఆపేసింది. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది.

మూడో క్వార్టర్‌లో వంతు ఆర్మీది. బ్లాంచర్డ్ అందర్నీ దాటేసి పక్క గీత వెంబడి పరుగు అందుకున్నాడు. ముందు మిగిలింది లుజాక్ ఒక్కడే. అప్పట్లో పెద్ద ఆటగాళ్లు దాడిలోనూ ఉండేవాళ్లు, కాపలాలోనూ ఉండేవాళ్లు. అందుకే క్వార్టర్‌బ్యాక్ అయినా లుజాక్ అక్కడున్నాడు, అదీ బెణికిన కాలుతో. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టినట్టు కిందకి వంగి బ్లాంచర్డ్ చీలమండలు అందుకుని పడేశాడు. ఖాళీ మైదానంలో బ్లాంచర్డ్‌ని ఒంటరిగా ఆపడం మాటలు కాదు. మరి ఆ రోజు లుజాక్ విసిరిన పాస్‌లు? వాటిలో మూడింటిని ఆర్మీ క్వార్టర్‌బ్యాక్ ఆర్నాల్డ్ టకర్ ఎగరేసుకుపోయాడు. అంటే ఆ మ్యాచ్‌లో ఇద్దరూ ఇద్దరే. ఇద్దరు కోచ్‌లూ ఓడిపోకుండా ఉంటే చాలన్నట్టు ఆడించారు, నా లెక్కలో తప్పు వాళ్లదే.

కాబట్టి మిగతా మ్యాచ్‌లే చూడాలి. ఆర్మీ మొత్తం 263 పాయింట్లు చేసి 80 ఇచ్చింది. నోటర్ డేమ్ ఒక మ్యాచ్ తక్కువాడి 271 చేసింది, ఇచ్చింది 24. ఏ ప్రత్యర్థీ వాళ్ల మీద 6 దాటలేదు. ఆర్మీ వైపు వాదించేవాళ్ల మాటలోనూ పస లేకపోలేదు: మిచిగాన్‌ని వాళ్ల సొంత గడ్డ మీద 20-13తో ఓడించడం, ఓక్లహామా, డ్యూక్, పెన్‌లని దాటడం చిన్న విషయం కాదు. కానీ నోటర్ డేమ్ మొదటి మ్యాచ్‌లోనే 26-6తో ఓడించిన ఇల్లినాయ్ తర్వాత ఏం చేసింది? మిచిగాన్‌ని ఓడించింది, అప్పటిదాకా ఓటమెరగని కాలిఫోర్నియా జట్టు యూసీఎల్‌ఏని, సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచ్ రోజ్ బౌల్‌లో 45-14తో చిత్తు చేసింది. ఆర్మీ జాబితాలో అంత బరువున్న గెలుపు లేదు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం నేవీ, అంటే నౌకాదళ అకాడమీ జట్టు. ఆ ఏడు నేవీ ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన జట్టు. దాని మీద నోటర్ డేమ్ 28-0తో గెలిచింది. నవంబర్ 30న ఫిలడెల్ఫియాలో, ప్రెసిడెంట్ ట్రూమన్ చూస్తుండగా, ఆర్మీ అదే నేవీ మీద 21-18తో బయటపడింది. చెరో మూడు టచ్‌డౌన్లు (బంతిని గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు). టచ్‌డౌన్ తర్వాత తన్నే అదనపు పాయింటుని ఆర్మీ మూడుసార్లూ సాధించింది, నేవీ మూడుసార్లూ పోగొట్టుకుంది. తేడా అదే. ఆట ముగిసేసరికి నేవీ జట్టు ఆర్మీ గోల్‌కి కొద్ది గజాల దూరంలో ఉంది! చావు తప్పి కన్ను లొట్టపోయిందంటే ఇదే. అదే రోజు నోటర్ డేమ్ ఇంకో కాలిఫోర్నియా జట్టు యూఎస్‌సీని 26-6తో ఓడించింది. జట్లకి ర్యాంకులిచ్చే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ చివరి ఓటింగ్‌లో మొదటి స్థానం నోటర్ డేమ్‌కి, రెండోది ఆర్మీకి.

మూడో స్థానంలో జార్జియా యూనివర్సిటీ. స్టార్ ఆటగాడు చార్లీ ట్రిప్పీ ఉన్న ఈ జట్టు 11కి 11 గెలిచింది, సీజన్ చివరి షుగర్ బౌల్‌తో సహా. డ్రా కూడా లేని జట్టుని మూడో స్థానంలో పెట్టడమేంటని అక్కడివాళ్ల మంట. న్యాయమైన మంటే. అయితే ఫర్మన్ యూనివర్సిటీ మీద 70-7 లాంటి గెలుపులు ఎన్ని పోగేసినా, ఆర్మీలాంటి జట్టు వాళ్లకి ఎదురుపడలేదు.

మరుసటేడు నోటర్ డేమ్ ఆర్మీని 27-7తో ఓడించింది కదా, తేలిపోయినట్టేగా అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అప్పటికి డేవిస్, బ్లాంచర్డ్ చదువైపోయి వెళ్లిపోయారు. ఆ స్కోరుతో 1946ని కొలవడం అన్యాయం. ఒక్క మ్యాచ్‌కి, అదీ బ్లాంచర్డ్ మోకాలు బాగుంటే, నేను ఇప్పటికీ ఆర్మీ పక్కనే నిలబడతాను. సీజన్ మొత్తానికైతే లీహీ బెంచీ వైపు.